సాయంత్రం ఆరు దాటేదాకా: కల్లు మత్తు మానేవాళ్లకు తోడుండటం ఎలా

నేను నర్సును కాను, కౌన్సెలర్‌ను కాను. నిజామాబాద్ జిల్లాలో బీడీలు చుట్టే మనిషిని, పదో తరగతి ఫెయిల్. పదకొండేళ్లు రోజూ కల్లు తాగాను, ఇప్పుడు తాగడం లేదు. ఈ పనికి నాకున్న చదువు అంతే. మానాలనుకునే ఆడవాళ్ల ఇళ్లకు తోడుగా వెళ్లడం మొదలుపెట్టి ఏడేళ్లు దాటింది. పక్క ఊరి ఆశా అక్క "మా దగ్గర కూడా ఇద్దరు చేస్తామంటున్నారు, నువ్వు చేసేది రాసియ్యి" అంటే రాస్తున్నాను.

ముందు కల్లు సంగతి తెలియాలి. చెట్టు మీంచి దించిన కల్లు వేరు, దుకాణంలో సీసాల్లో పోసి అమ్మేది వేరు. చెట్లు తక్కువ, తాగేవాళ్లు ఎక్కువ అయిన చోట నీళ్లలో మత్తుమందు కలుపుతారు. అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి. మొదటి రెండూ డాక్టర్లు నిద్రకు, ఆందోళనకు రాసే మందులు. అంటే మనం కల్లుకు అలవాటు పడ్డామనుకుంటాం గానీ, ఒంటికి అలవాటైంది ఆ గోళీ. ఇది తెలియకుండా తోడు వెళ్తే మంచి చేయబోయి ప్రాణం మీదికి తెస్తారు. ఎందుకంటే ఆ మందు ఒక్కసారిగా ఆగితే ఒళ్లు తట్టుకోదు.

2015 సెప్టెంబర్‌లో మా జిల్లాలో, మహబూబ్‌నగర్‌లో, మెదక్‌లో కల్తీ కల్లు మీద ఎక్సైజ్ వాళ్లు దాడులు చేశారు. కలపడం ఆగింది. తాగేవాళ్లు వందల్లో ఆసుపత్రులకు పరిగెత్తారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు. నాకు రెండు రాత్రులు రెప్ప పడలేదు. మూడో రోజు చాట ముందు కూర్చుంటే కత్తిరించిన తునికాకుల మీద చీమలు పాకుతున్నాయి. ఒక్కో ఆకూ దులిపి పక్కన పెడుతున్నాను. మా ఆయన వచ్చి "ఏం దులుపుతున్నవ్?" అన్నాడు. చాటలో ఆకులు తప్ప ఏమీ లేవట. ఆ రాత్రే ఫిట్స్ వచ్చాయి.

అందుకే ఎవరి ఇంటికి వెళ్లినా "మానెయ్" అనే మాట నా నోట రాదు. "డాక్టర్ దగ్గరికి పోయేదాకా రోజూ తాగేంత తాగు, ఎక్కువ తాగకు, నీ అంతట నువ్వు బంద్ పెట్టకు" అంటాను. వినేవాళ్లకు విడ్డూరంగా ఉంటుంది. మగవాళ్లలో అయ్యప్ప మాల వేసుకుని ఒక్కరోజులో తాగుడు ఆపేవాళ్లు ఉంటారు కదా, వాళ్లకూ ఇదే చెప్పండి. మాల వేసుకోవడం మంచిదే, నలభై ఒక్క రోజులు చుట్టూ తాగనివాళ్లే ఉంటారు. కానీ పొద్దున లేవగానే చేతులు వణికే మనిషి మాలకు ముందు డాక్టర్‌కు చూపించుకోవాలి.

ఎప్పుడు వెళ్లాలి, ఏం మాట్లాడాలి

సాయంత్రం వెళ్లకండి. అప్పుడు మీతో మాట్లాడేది మనిషి కాదు, మత్తు. పొద్దున పది గంటల వేళ నా చాట, కత్తెర పట్టుకుని వెళ్లి పక్కన కూర్చుంటాను. ఇద్దరం ఆకు కత్తిరిస్తూ ఉంటే కళ్లలో కళ్లు పెట్టి చూడాల్సిన పని ఉండదు, చెప్పుకోలేని మాటలు అప్పుడే బయటికి వస్తాయి. మొదటిరోజు నా కథే చెప్తాను. మనవడి చెవి కమ్మలు కుదువపెట్టి తాగింది కూడా దాచను. ఆమె గురించి ఒక్క ప్రశ్న అడగను. నాలుగు రోజులాగి మళ్లీ వెళ్తాను. చాలాసార్లు మూడో నాలుగో సారికి వాళ్లే అడుగుతారు, "నీకు నిద్ర ఎట్ల పట్టిందే అక్కా?" అని.

ఆ మాట వచ్చాక కాగితం తీయండి. రోజుకు ఎన్ని సీసాలు, ఎన్నేళ్లుగా, ఆఖరిసారి ఎప్పుడు తాగింది, తాగని రోజు ఒంట్లో ఏమవుతుంది, ఇంతకుముందు ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, బీపీ, షుగర్, ఇంకేమైనా గోళీలు వేసుకుంటుందా, కడుపుతో ఉందా. సీసాల లెక్క ఆడవాళ్లు తక్కువ చెప్తారు, సిగ్గు. నేను "నాకైతే రోజుకు నాలుగు" అని ముందే అంటాను, అప్పుడు నిజం లెక్క వస్తుంది. ఈ కాగితం డాక్టర్ చేతికి ఇవ్వాలి. మందు ఎంతతో మొదలుపెట్టాలో ఆయన దాన్ని బట్టే చూస్తారు.

ఆసుపత్రికి

జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. అది దూరమైతే ముందు పీహెచ్‌సీలో చూపించండి. ఎక్కడికి పోవాలో తోచకపోతే 14446కు ఫోన్ చేయండి, అది మత్తు మానేవాళ్ల కోసం పెట్టిన ఉచిత నంబరు. మనసు బాగాలేక చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే 14416 టెలి మానస్, తెలుగులో మాట్లాడతారు. పిచ్చాసుపత్రి అన్న మాట ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. "నేనూ అక్కడ పది రోజులు పడుకున్నా, పిచ్చిదాన్లా కనిపిస్తున్ననా?" అని అడిగితే నవ్వేస్తారు.

ఆధార్ కార్డు, రెండు చీరలు, కాగితం. బీడీ కార్ఖానాలో ఆ వారం లెక్క ఎవరు అప్పజెప్తారో ముందే మాట్లాడి పెట్టండి. ఆసుపత్రి మధ్యలో వదిలేసి వచ్చినవాళ్లను చూశాను, సగం మంది మత్తు కోసం కాదు, పని పోతుందన్న టెన్షన్‌తో వచ్చేశారు.

డాక్టర్ ఇచ్చే గోళీలు కూడా ఆ జాతివే ఉండొచ్చు. "కల్లులో ఉన్నదే మళ్లీ ఇస్తున్నరు" అని ఇంట్లోవాళ్లు విసిరేస్తారు. వాళ్లకు ఇలా చెప్తాను: తాటిచెట్టు ఎక్కిన గౌడన్న మోకు మీద ఒక్కో పట్టే దిగుతాడు, పైనుంచి దూకడు. గోళీల పట్టీ మాత్రం రోగి చేతిలో ఉండకూడదు. మొగుడో కోడలో దాచి, ఏ పూటది ఆ పూట ఇవ్వాలి. మీ ఇంట్లో మిగిలిన పాత గోళీలు ఎంత బతిమాలినా ఇవ్వకండి. ఆ మందు మీద కల్లు పడితే ఊపిరి ఆగే ప్రమాదం ఉంది.

ఈలోపు లేనివి కనిపించడం, పొంతన లేని మాటలు, ఒళ్లు కాలిపోవడం, ఆగని వాంతులు, ఫిట్స్, వీటిలో ఏది వచ్చినా 108. తెల్లారనిద్దాం అనుకోవద్దు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టడం, ఉల్లిగడ్డ వాసన చూపించడం మన అందరి ఇళ్లలో ఉన్నదే, వాటితో ఫిట్స్ ఆగవు. నాకు చెంచా నోట్లో దూరిస్తే పన్ను విరిగింది, ఇప్పటికీ ఆ సందు ఉంది. నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్లు పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, తల కింద చీర మడత పెట్టండి చాలు.

ఇంకొకటి. కూరలో, చాయలో తెలియకుండా కలిపే "తాగుడు మాన్పించే మందు" అమ్మేవాళ్లు ఊళ్లలోకి వస్తారు. కొన్నిట్లో ఏముందో ఎవరికీ తెలియదు. డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అనే గోళీని కూడా కొందరు ఇలాగే కలుపుతారు. అది కడుపులో ఉండగా మనిషి తాగితే వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. చెప్పకుండా ఏదీ ఇవ్వనివ్వకండి.

ఇంటికి వచ్చాక

మన అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ఒంట్లోంచి మందు దించేది డాక్టర్. సాయంత్రాలు మనవి. నాలుగున్నరకు కాళ్లు లాగుతాయి, ఐదుకు చిరాకు, ఆరుకు కాళ్లు వాటంతట అవే చెప్పులు వెతుక్కుంటాయి. ఆ గంటన్నర ఎలా గడుస్తుందన్నదే లెక్క.

ఐదు లోపు కడుపు నిండా తినిపించండి. ఆకలి, కల్లు ఆశ ఒకేలా ఉంటాయి, నాకు చాలా రోజులు తేడా తెలియలేదు. దుకాణం ముందు నుంచి వెళ్లే దారి మార్చండి. కిరాణా ఆ వైపే ఉంటే పిల్లలను పంపండి. మేము నలుగురం సాయంత్రం మా ఇంటి అరుగు మీద చేరి కట్టలు కడతాం. పేరు లేదు, రిజిస్టర్ లేదు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే తాగుడు మానినవాళ్ల సంఘం 1935లో అమెరికాలో ఇద్దరు కలిసి మాట్లాడుకోవడంతో పుట్టిందని, అందులో ఒకరు డాక్టరేనని ఆసుపత్రిలో కౌన్సెలర్ మేడమ్ చెప్పింది. ఇద్దరు చాలంటే మా దగ్గర నలుగురున్నారు కదా అనుకున్నాను. అరుగు మీదికి రానివాళ్లకు ఆరింటికి ఫోన్ చేస్తాను. "తిన్నవా, ఏం కూర?" అంతే. కల్లు మాటే ఎత్తను.

నిద్ర వారాల తరబడి సరిగ్గా పట్టదు. ముందే చెప్పి పెట్టండి, లేకపోతే మందు పని చేయడం లేదనుకుంటారు. చేతులు కూడా అంతే. ఇంటికి వచ్చిన మొదటి వారం నాకు రోజుకు రెండు వందల బీడీలు చుట్టడమే గగనమైంది, మూతులు ముడిచేటప్పుడు వేళ్లు జారేవి. మూడు నెలలకు ఏడు వందలు దాటాయి. అందుకే వచ్చినవాళ్లతో రోజులు లెక్కపెట్టించను, బీడీలు లెక్కపెట్టిస్తాను.

గట్టి రోజులు కొన్ని ఉంటాయి. బీడీ పైసలు చేతికొచ్చే రోజు, దసరా, బోనాలు, చావు ఇల్లు. చనిపోయినవాళ్ల పేరున పిట్టకు పెట్టే రోజు కల్లు లేకుండా జరగదు. నేను వెళ్తాను, దండం పెట్టి, వడ్డన మొదలుకాకముందే వచ్చేస్తాను. బోనం నేనే ఎత్తుతాను గానీ అమ్మవారి ముందు కల్లు సాక పోసే పని తోటికోడలుకు అప్పగించాను. చేతికి వాసన అంటకూడదని. మొదటి ఏడు అందరూ మూతి తిప్పారు, తర్వాత అలవాటైపోయింది.

నేను చేసిన తప్పు

ఆసుపత్రి నుంచి వచ్చిన తొమ్మిది నెలలకు, మా చిన్నమ్మను కల్లు దుకాణం నుంచి తీసుకొస్తానని ఒక్కదాన్నే లోపలికి వెళ్లాను. ఆమె రాలేదు. పక్కన కూర్చుని బతిమాలాను. అరగంట తర్వాత ఇద్దరి ముందూ సీసాలు ఉన్నాయి. మళ్లీ ఒడ్డున పడడానికి నెలన్నర పట్టింది. కాబట్టి దుకాణం గడప తొక్కకండి, ఎవరి కోసమైనా సరే. మీరు మానేసి కనీసం ఏడాది గడవనిదే ఇంకొకరికి తోడు వెళ్లకండి. వెళ్లినా ఇద్దరు కలిసి వెళ్లండి.

ఎవరైనా మళ్లీ తాగితే నేను మరునాడు పొద్దున్నే వెళ్తాను, అదే చాట పట్టుకుని. ఎందుకు తాగావని అడగను, నిన్న ఏం జరిగిందని అడుగుతాను. చాలావరకు నాలుగు గంటలకు ఇంట్లో ఏదో గొడవ అయి ఉంటుంది, లేదా మధ్యాహ్నం తిని ఉండదు. గోళీలు వాడుతూ తాగి ఉంటే మాత్రం ఆ రోజే డాక్టర్‌కు చెప్పాలి. వాళ్లు చెప్పిన సంగతులు ఇంకో ఇంట్లో చెప్పకండి. ఊళ్లో ఒక్కసారి నోరు జారితే అన్ని తలుపులూ మూసుకుంటాయి.

దుకాణం మూయించమని నన్ను అడిగేవాళ్లు ఉన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు, మరుసటి ఏడే సారా నిషేధం వచ్చింది. అది చిన్న పని కాదు. కానీ నేను ఫిర్యాదుల మనిషినని పేరు పడితే తాగేవాళ్లు నాకు తలుపు తీయరు. పైగా కల్లు గీసే ఇళ్లవాళ్లు మన ఊరివాళ్లే, వాళ్లలో కలపనివాళ్లూ ఉన్నారు. ఎక్సైజ్ దాడి జరిగి కల్లు ఆగిందని తెలిస్తే మాత్రం అదే పూట ఆశా అక్కకు చెప్తాను, రోజూ తాగేవాళ్ల ఇళ్లు తిరుగుతాను. రెండో రోజు, మూడో రోజు ఏమవుతుందో నాకు తెలుసు.

నాకు కూడా ఒక మనిషి ఉంది, నాకంటే ముందు మానిన పెద్దమ్మ. ఆదివారం ఆమె దగ్గరికి పోయి అన్నీ చెప్పుకుంటాను. అలాంటివాళ్లను మీరూ ఒకరిని పెట్టుకోండి. మానేసి పదేళ్లవుతోంది. ఆరు దాటాక కిరాణాకు వెళ్లాలంటే ఇప్పటికీ మనవణ్నే పంపిస్తాను.