ఉప్పుగాలిలో పాత జిప్సీ: ఏది చేయించుకోవాలి, ఏది కొనాలి

మారుతి జిప్సీ పుట్టిల్లు జపాన్. సుజుకి ఎస్‌జే410లో పొడుగు రకమే మన దేశంలో 1985 డిసెంబరు నుంచి జిప్సీ పేరుతో అమ్ముడైంది. 970 సీసీ ఎఫ్10ఏ ఇంజన్, నాలుగు గేర్లు, నాలుగు చక్రాలకూ కమాన్ పట్టీలు (లీఫ్ స్ప్రింగులు), నిచ్చెనలాంటి చాసిస్, అంటే బండి మొత్తాన్ని మోసే ఇనుప చట్రం. 1298 సీసీ ఇంజన్‌తో జిప్సీ కింగ్ 1996లో వచ్చింది. ఇక్కడ చెప్పేదంతా మొదటి రకం గురించే.

ఇంజన్ మొండిది, ఎంత పాడైనా దారికొస్తుంది. గోదావరి డెల్టాలో ఈ బండిని తినేసేది తుప్పు. భీమవరం, నరసాపురం, అంతర్వేది రోడ్ల మీద రొయ్యల బళ్ల నుంచి ఉప్పునీళ్లు కారుతూనే ఉంటాయి. చేలగట్ల బురద చాసిస్ లోపల చేరి నెలల తరబడి ఆరదు. పైన ఎంత రంగు కొట్టినా లాభం లేదు. లోపలికెళ్లిన నీళ్లు బయటికి రావాలి, ప్రతి పనీ ఆ లెక్కనే చూడాలి.

ముందు చాసిస్ నంబరు ఎక్కడుందో వెతికి, చుట్టూ మాస్కింగ్ టేపు వేసేయండి. అక్కడ గ్రైండర్ పెట్టకూడదు, పుట్టీ పూయకూడదు. రిజిస్ట్రేషన్ రెన్యువల్ తనిఖీలో ఆ అంకెలు చదవడానికి రాకపోతే బండి బాగున్నా పని ఆగిపోతుంది.

తర్వాత చిన్న సుత్తితో చాసిస్ పొడుగునా కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి రేకు ఠంగుమంటుంది, తిన్న రేకు డబ్బుమంటుంది. అనుమానమున్నచోట పాత స్క్రూడ్రైవర్‌తో పొడవండి. వెనక షాకిల్ (కమాన్ పట్టీ కొసని చాసిస్‌కి కలిపే ఊగే లింకు) బ్రాకెట్లు, ముందు చక్రాల వెనక భాగం, అడ్డబద్దలు కలిసేచోట్లు, బాడీ రబ్బర్లు కూర్చునే బ్రాకెట్లు ముందుగా పోతాయి. బాడీలో డ్రైవరు కాళ్ల కింద, తలుపుల అడుగున, వెనక మూలల్లో చూడండి.

చాసిస్‌కి 3 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీలు) ప్లేటు వాడాలి. తిన్న రేకును మంచి లోహం తగిలేదాకా కోసేయాలి, తుప్పు మీద వెల్డింగ్ పట్టదు. అతుకు పట్టీని చదరంగా కాకుండా రెండు కొసలూ కోసుగా, చేప ఆకారంలో కత్తిరించండి. చాసిస్‌కి అడ్డంగా నిట్టనిలువు గీతలా వెల్డింగ్ పడితే బరువంతా ఆ గీత మీదే పడి, పక్కనే చీలుతుంది. బండికి వెల్డింగ్ పెట్టే ముందు బ్యాటరీతో పాటు ఆల్టర్నేటర్ వైర్లు కూడా తీసేయండి, లేకపోతే ఆల్టర్నేటర్ లోపలి డయోడ్లు కాలిపోతాయి.

ఫ్లోరుకి 18 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు, తలుపుల అడుగుకి 20 గేజి సరిపోతుంది. ముందు అట్టముక్క మీద ఆకారం కత్తిరించి సరిచూసుకుంటే రేకు వృథా కాదు. ఆర్క్ రాడ్డు పల్చటి రేకుని చిల్లులు చేస్తుంది. సీఓటూ వెల్డింగ్ (గ్యాస్ రక్షణలో తీగతో చేసేది), 0.8 మి.మీ. తీగ ఉన్న షాపుకే వెళ్లండి. మేస్త్రిని ఒకే వరసలో లాగనివ్వకండి. ఇక్కడో చుక్క, జానెడు అవతల ఇంకో చుక్క, మళ్లీ వెనక్కి. అలా చుక్కలు కలుపుకుంటూ వస్తే రేకు వంకర తిరగదు. రేకు మీద రేకు ఎక్కించి అతకడం తేలికే, కానీ ఆ మధ్య సందులో నీళ్లు నిలిచి రెండో వర్షాకాలానికే ఉబ్బుతుంది. అంచుకి అంచు చేర్చి అతికించాలి. తలుపు అడుగున నీళ్లు పోవడానికి ఉండే చిల్లులను పుట్టీతో మూసేయడం టింకరింగ్ షాపుల్లో మామూలే. పెయింటు అయ్యాక ఒక్కో చిల్లులో తీగ దూర్చి చూసుకోండి.

ఫైబర్ టాప్ పగిలితే రేకు రివెట్లు కొట్టకండి. అంతర్వేది, కాకినాడ వైపు ఫైబర్ పడవలు బాగుచేసేవాళ్ల దగ్గర 450 గ్రాముల గ్లాస్ ఫైబర్ మ్యాటు, పాలియెస్టర్ రెసిన్ ఉంటాయి. పగులుకి రెండు పక్కలా నాలుగేసి అంగుళాలు గరుకు చేసి మూడు పొరలు వేయాలి. హార్డ్‌నర్ 1 నుంచి 2 శాతం. ఎండలో 2 శాతం వేస్తే బ్రష్‌లోనే గట్టిపడుతుంది. ఇదే ఫైబర్‌ని తుప్పుపట్టిన ఫ్లోరు మీద పరిచే అలవాటు కొందరికుంది. అది తుప్పుకి దుప్పటి కప్పడమే.

చిన్న ఇనుప సామాను, అంటే బ్రాకెట్లు, క్లాంపులు, మామూలు బోల్టులు, శుభ్రం చేయడానికి ప్లాస్టిక్ డ్రమ్ము చాలు. పది లీటర్ల నీళ్లలో 50 గ్రాముల చాకలి సోడా కలపండి. 12 వోల్టుల ఛార్జర్ మైనస్ వైరు తుప్పు సామానుకి, ప్లస్ వైరు పాత ఇనుప ఊచకి తగిలించాలి. తారుమారైతే సామాను కరిగిపోతుంది. రాత్రంతా ఉంచితే తుప్పు నల్లటి బురదలా ఊడొస్తుంది. ఊచ బదులు స్టెయిన్‌లెస్ స్టీలు వాడకండి, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయట పెట్టి, నిప్పు దూరంగా ఉంచండి. కార్బొరేటర్ లాంటి అల్యూమినియం సామాను ఇందులో వేస్తే కరుగుతుంది. కమాన్ పట్టీలు, గట్టి స్టీలు బోల్టులు వేస్తే హైడ్రోజన్ పట్టి పెళుసవుతాయి.

షాకిల్ బుష్‌లు లేతు మీద తిప్పించుకోవచ్చు. పాలకొల్లు, భీమవరంలో చెరువుల ఏరేటర్ల షాఫ్టులు, రైస్ మిల్లు పుల్లీలు తిప్పే లేతు షాపులకు ఇది చిన్నపని. అందరూ నైలాన్ కడ్డీ ఇస్తారు. నైలాన్ నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, వానాకాలంలో పిన్నుని పట్టేస్తుంది, షాకిల్ కదలక పట్టీ విరుగుతుంది. నీళ్లు అంతగా పీల్చని డెల్రిన్ అనే ప్లాస్టిక్ కడ్డీ అడగండి, లేదా గట్టి పాలీయురేథేన్. పిన్నుకీ బుష్‌కీ మధ్య 0.2 మి.మీ. వదులు ఉంచి, లోపల గ్రీజు గాడి తీయించండి.

ముందు చక్రాల నకిల్ (స్టీరింగ్‌తో పాటు చక్రం తిరిగే కీలు) గుండ్రటి భాగం మీద ఉండే ఫెల్టు, రబ్బరు సీలు పాడైతే బురద కింగ్‌పిన్ బేరింగుల్లోకి పోతుంది. సీళ్లు కొత్తవే వేయండి. గుండు మీద తుప్పు గుంటలుంటే మెటల్ ఎపాక్సీతో నింపి, సన్నటి కాగితంతో నున్నగా రుద్దండి, లేకపోతే కొత్త సీలు వారంలో చిరుగుతుంది. డిఫరెన్షియల్ డ్రెయిన్ బోల్టు తీసినప్పుడు ఆయిల్ పాలటీలా వస్తే నీళ్లు చేరాయన్నమాట. యాక్సిల్ బ్రీదర్, అంటే లోపలి గాలి పోయే చిన్న రంధ్రం, మూసుకుపోయి ఉంటుంది. దానికి రబ్బరు గొట్టం తగిలించి ఇంజన్ గది పైదాకా లాగితే, కాలవ దాటినా నీళ్లు పీల్చదు.

బ్రేకుల దగ్గర సొంత ప్రయోగాలు వద్దు. ఏసీ రాగి గొట్టం తేలిగ్గా వంగుతుంది, కానీ అదురుకి పగులుతుంది. 4.75 మి.మీ. స్టీలు బ్రేకు గొట్టం (బండీ ట్యూబు అంటారు), అంచు రెండు మడతల ఫ్లేరింగ్, అంతే. హోస్‌లు, సిలిండర్లలోని రబ్బరు కప్పులు కొనాల్సిందే. వీల్ సిలిండర్ లోపల గోటికి గుంట తగిలితే సిలిండర్ మార్చండి. బ్రేకు గొట్టాల్లోని గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కి అన్నిటికన్నా దూరంగా ఉండే వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాలి.

ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వస్తోంది. పాత పెట్రోలు గొట్టాలు, కార్బొరేటర్ డయాఫ్రమ్‌లు దానికి మెత్తబడి చిట్లుతాయి, అన్నీ ఒకేసారి మార్చేయండి. ఖాళీ ట్యాంకుకి వెల్డింగ్ పెట్టడం ప్రాణాంతకం, లోపలి ఆవిరి పేలుతుంది. పల్చటి చిల్లులకు ట్యాంకు ఎపాక్సీ వాడండి, ఎక్కువుంటే వేరే ట్యాంకు వెతుక్కోండి.

ఇంజన్ ట్యూనింగ్‌కి కావలసిన కొలతలు ఇవి: ఫైరింగ్ వరస 1-3-4-2, డిస్ట్రిబ్యూటర్ పాయింట్ల సందు 0.4 నుంచి 0.5 మి.మీ., ప్లగ్గు 0.7 నుంచి 0.8. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ వాల్వు 0.13 నుంచి 0.18, ఎగ్జాస్టు 0.16 నుంచి 0.21. ఎన్నాళ్ల క్రితం మార్చారో తెలియని టైమింగ్ బెల్టుని అసలు నమ్మకండి.

రంగు పని సంక్రాంతి తర్వాత పెట్టుకోండి. కోనసీమలో పొద్దున్న తొమ్మిదిదాకా రేకు మీద మంచు చెమ్మ ఉంటుంది, ఆ చెమ్మ మీద ప్రైమర్ కొడితే తర్వాత బుడగలొస్తాయి. పది నుంచి మూడు మధ్య ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి. గీకిన రేకుని రాత్రికి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రబడుతుంది, అందుకే ఏ రోజు గీకింది ఆ రోజే పూయాలి.

చివరికి చాసిస్ గొట్టాల్లోకి, తలుపుల్లోకి మైనం కొట్టాలి. మైనం ఒక పాలు, గేర్ ఆయిల్ రెండు పాళ్లు వేడినీళ్ల గిన్నెలో కరిగించండి. దించాక నిప్పుకి దూరంగా టర్పెంటైన్ కలిపి, పొడుగు నాజిల్ గన్‌తో పట్టించండి. అడుగు చిల్లుల నుంచి చుక్క కారితే లోపలంతా పట్టినట్టు. ఐదొందల కిలోమీటర్లు తిరిగాక కమాన్ పట్టీల యూబోల్టులు మళ్లీ బిగించి, నకిల్ సీళ్ల కింద తడి ఉందేమో చూడండి.