టర్కీ ఫుట్‌బాల్ కొత్తగా చూడటం మొదలుపెట్టేవారికి

టర్కీ ఫుట్‌బాల్ అనగానే చాలామందికి ముందు గుర్తుకొచ్చేది 2002 ప్రపంచ కప్పు. మూడో స్థానం కోసం తెగూ నగరంలో దక్షిణ కొరియాతో ఆడినప్పుడు, ఆట మొదలైన 11 సెకన్లకే హకాన్ షుకూర్ గోల్ చేయగా, ఆ మ్యాచ్‌ను టర్కీ 3-2తో గెలుచుకుంది. అయినా కొత్తగా చూసేవారు జాతీయ జట్టుతో కాకుండా క్లబ్బులతో మొదలుపెట్టడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. జాతీయ జట్టు ఏడాదిలో కొన్ని మ్యాచ్‌లు మాత్రమే ఆడుతుంది. పైగా ఆ జట్టులోని ఆటగాడు ఏ క్లబ్బువాడో తెలిస్తేనే అతడి గోల్ విలువ పూర్తిగా అర్థమవుతుంది.

మొదట ఇస్తాంబుల్ పటాన్ని ముందు పెట్టుకోండి. నగరం మధ్యగా బోస్ఫరస్ జలసంధి సాగుతుంది. యూరప్ వైపు ఒడ్డున 1903లో పుట్టిన బెషిక్తాష్, 1905లో ఒక పాఠశాల విద్యార్థులు స్థాపించిన గలతసరాయ్ ఉన్నాయి. ఆసియా వైపు కడికోయ్‌లో 1907 నాటి ఫెనెర్‌బహ్చే ఉంది. బెషిక్తాష్‌ది నలుపు తెలుపు, గలతసరాయ్‌ది పసుపు ఎరుపు, ఫెనెర్‌బహ్చేది పసుపు ముదురు నీలం. చివరి రెండు క్లబ్బులూ 1909 నుంచి తలపడుతున్నాయి. ఒకే నగరపు ప్రత్యర్థుల మధ్య మ్యాచ్‌ను డెర్బీ అంటారు, రెండు ఖండాలకు చెందిన ఈ పోరు పేరు ఖండాంతర డెర్బీ. 1996లో ఫెనెర్‌బహ్చే మైదానంలోనే టర్కీ కప్పు గెలిచిన గలతసరాయ్ కోచ్ గ్రేమ్ సూనెస్ తమ క్లబ్బు జెండాను మైదానం నడిబొడ్డున పాతాడు. ఆ సంగతి ఇస్తాంబుల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. కాబట్టి లీగ్‌లో మీరు మొదట చూడవలసిన పూర్తి మ్యాచ్ ఈ డెర్బీయే.

పేర్లు సరిగా పలకడానికి కాస్త శ్రద్ధ పెట్టండి. టర్కీ భాషను 1928 నుంచి లాటిన్ లిపిలో రాస్తున్నారు కానీ, ఆ అక్షరాలను ఇంగ్లీషు పద్ధతిలో చదివితే తప్పు వస్తుంది. అక్కడ ‘సి’ అక్షరానికి ‘జ’ శబ్దం, దాని కింద చిన్న తోక ఉంటే ‘చ’. ‘ఎస్’ కింద తోక ఉంటే ‘ష’. ‘జి’ మీద గిన్నెలాంటి గుర్తు ఉంటే ఆ అక్షరం పలకదు, దానికి ముందున్న అచ్చు మాత్రం కొద్దిగా సాగుతుంది. అందుకే హకాన్ షుకూర్ కాని మరో టర్కీ ఆటగాడు హకాన్ ఇంటిపేరును చల్హానోలు అనాలి, చల్హనోగ్లు అనకూడదు. ఈ నాలుగు గుర్తులు పట్టుబడితే స్కోరుబోర్డు మీది పేర్లలో చాలా వరకు తడబడకుండా చదవగలుగుతారు.

ఇక లీగ్ పట్టిక. జాతీయ లీగ్ 1959లో మొదలైంది, నేడు దాని పేరు సూపర్ లీగ్. ఇన్నేళ్లలో విజేతలైన క్లబ్బులు ఆరే: ఇస్తాంబుల్ త్రయం, ట్రబ్జోన్‌స్పోర్, 2010లో బుర్సాస్పోర్, 2020లో బషాక్‌షెహిర్. ఐదు టైటిళ్లకు ఒక నక్షత్రం చొప్పున చొక్కా మీద పెట్టుకుంటారు. గలతసరాయ్ 2025లో 25వ టైటిల్‌తో ఐదో నక్షత్రం సంపాదించింది. టైటిళ్ల లెక్క చదివేటప్పుడు అది ఏ ఏడాది నుంచి వేసిన లెక్కో తప్పక చూసుకోండి. 1959కి ముందు గెలిచిన జాతీయ టైటిళ్లను కలుపుకొని ఫెనెర్‌బహ్చే తనవి 28 అంటుంది, లీగ్ మొదలైనప్పటి నుంచి మాత్రమే చూస్తే అవి 19.

ఇస్తాంబుల్ బయట తప్పక తెలుసుకోవలసినది నల్ల సముద్ర తీరాన ఉన్న ట్రబ్జోన్. 1976లో ఇస్తాంబుల్ క్లబ్బుల ఏకఛత్రాధిపత్యాన్ని మొదటిసారి బద్దలుకొట్టింది ఈ నగరపు జట్టే. ఆ ప్రాంతపు వాహనాల నంబరు 61 కాబట్టి మ్యాచ్‌లో 61వ నిమిషం రాగానే అభిమానులు స్టేడియాన్ని హోరెత్తిస్తారు. ఆ నిమిషంలో టీవీ ధ్వనిని తగ్గించకండి.

యూరప్ పోటీల కోసం 2000 మే 17 నాటి యూఈఎఫ్ఏ కప్పు ఫైనల్ చూడండి. కోపెన్‌హాగన్‌లో గోల్ లేకుండా సాగిన ఆ ఆటలో తమ ఆటగాడు హాజీ రెడ్ కార్డుతో బయటికి వెళ్లినా, ఫాతిహ్ తెరిమ్ శిక్షణలోని గలతసరాయ్ పెనాల్టీల్లో 4-1తో ఆర్సెనల్‌ను ఓడించింది.

ఇదంతా అయ్యాక జాతీయ జట్టు దగ్గరికి రండి. యూరప్ దేశాల జట్ల పోటీ అయిన యూరోలో 2024లో అది క్వార్టర్ ఫైనల్ దాకా వెళ్లింది. అయితే 2008 యూరోలోని రెండు మ్యాచ్‌లను వరుసగా చూడమని మాత్రం ప్రత్యేకంగా కోరుతున్నాను. అప్పుడు కోచ్ తెరిమే. చెక్ జట్టు చేతిలో 0-2తో వెనుకబడిన టర్కీకి ముందు గలతసరాయ్ కుర్రాడు అర్దా తురాన్ ఒక గోల్ ఇచ్చాడు. 87వ నిమిషంలో ప్రత్యర్థి గోల్‌కీపర్ పీటర్ చెక్ చేతుల్లోంచి బంతి జారగానే నిహాత్ స్కోరు సమం చేసి, రెండు నిమిషాలకే గెలుపు గోల్ కొట్టాడు. చివరి క్షణాల్లో గోల్‌కీపర్ వోల్కాన్ రెడ్ కార్డు తెచ్చుకోవడంతో, తర్వాతి మ్యాచ్‌లో క్రొయేషియాపై రుష్తూ గోల్ ముందు నిలబడ్డాడు. ఆ మ్యాచ్ 119వ నిమిషంలో క్రొయేషియా గోల్ చేసింది. అదనపు సమయం కూడా దాటిపోతుండగా బెషిక్తాష్ గోల్‌కీపర్ రుష్తూ సుదూరంగా తన్నిన బంతి ఫెనెర్‌బహ్చే ఆటగాడు సెమిహ్ దగ్గరికి చేరింది. సెమిహ్ ఎడమకాలితో దాన్ని గోల్‌లోకి పంపాడు, గలతసరాయ్ మనిషి తెరిమ్ మైదానం అంచున నిలబడి దాన్ని చూశాడు.