చదివిన నవల గురించి నలుగురికి చెప్పడం ఎలా

కొత్త నవల చదివామని తెలిస్తే ఎవరైనా అడిగేది ఒక్కటే: "ఎట్టుండాదన్నా?" దానికి మామూలుగా రెండు రకాల జవాబులు వినిపిస్తాయి. ఒకటి, "సూపరబ్బా, చదివి తీరాల." రెండోది, చివరి పేజీతో సహా మొత్తం కథ. మొదటి జవాబుతో అడిగిన మనిషికి ఏమీ తెలియదు. రెండోది విన్నాక ఇక చదవడానికి ఏమీ మిగలదు. ఈ పుస్తకం మీద తన డబ్బు, తన నాలుగైదు సాయంత్రాలు పెట్టవచ్చా లేదా అని ఆ మనిషి తేల్చుకోవాలి. అందుకు పనికొచ్చే మాట చెప్పగలిగితే అభిప్రాయం చెప్పినట్టు. నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు లాంటి చోట్ల ఈ మాటకు విలువ ఇంకా ఎక్కువ. కొత్తగా వచ్చిన నవలను షాపులో తిరగేసి చూసి కొనుక్కునే వీలు తక్కువ. చాలావరకు విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో తెప్పించుకోవాలి. తెలిసినవాళ్ల మాట నమ్మి డబ్బు కడతారు కాబట్టి ఆ మాట సరిగ్గా ఉండాలి.

చదువుతున్నప్పుడే మొదలుపెట్టాలి

పుస్తకంలో పోస్టుకార్డంత కాగితం ముక్క ఒకటి పెట్టుకోండి. సొంత పుస్తకమైతే పెన్సిల్‌తో గీసుకోవచ్చు. గ్రంథాలయం పుస్తకంలో ఆ గీత కూడా వద్దు, తర్వాత చదివేవాళ్ల కళ్లు మీరు గీసిన చోటుకే పోతాయి. కాగితం మీద పేజీ నంబరు, పక్కన రెండు మూడు మాటలు చాలు: "47, బావి దగ్గర గొడవ, నమ్మలేకపోయా." మళ్లీ వెనక్కి వెళ్లి చదివిన చోటు, విసుగొచ్చి పేజీలు దాటేసిన చోటు, నమ్మకం కలగని చోటు, ఈ మూడూ గుర్తు పెట్టుకోవాలి. మూడోది చాలామంది రాసుకోరు. తర్వాత "ఎందుకో అంత నచ్చలేదు" అని ఊరుకోవాల్సి వచ్చేది అందుకే. పది పన్నెండు గుర్తులకు మించనివ్వకండి. ఎక్కువైతే చివర్లో ఏవి ముఖ్యమో మీకే తెలియదు.

కాగితం వెనక పాత్రల పేర్లు, ఎవరికెవరు ఏమవుతారో రాసుకోండి. రెండు మూడు తరాల కథ అయితే ఇది తప్పనిసరి. మేనత్తను పిన్ని అని చెప్పారా, వినేవాళ్లకు అసలు ఈయన చదివాడా అన్న అనుమానం వస్తుంది. ఆ తర్వాత మీరెంత మంచి మాట చెప్పినా పట్టించుకోరు.

మొదటి అధ్యాయానికి ముందే టైటిల్ పేజీ వెనక వైపు చూడండి. మొదటి ముద్రణ ఏ సంవత్సరం, మీ చేతిలో ఉన్నది ఎన్నో ముద్రణ, అనువాదమైతే ఏ భాష నుంచి, ఎవరు చేశారు, ముందు ఏదైనా పత్రికలో సీరియల్‌గా వచ్చిందా అన్నవి అక్కడో ముందుమాటలోనో దొరుకుతాయి. సీరియల్ సంగతి చాలా ముఖ్యం. 1960, 70ల్లో పేరు తెచ్చుకున్న తెలుగు నవలల్లో ఎన్నో వారపత్రికల్లో వారం వారం వచ్చినవే. అలా రాసినదానికి ప్రతి భాగం చివరా ఒక మలుపు ఉంటుంది. ముందు వారం చదివింది పాఠకులు మరిచిపోయి ఉంటారని వెనకటి సంగతి మళ్లీ చెప్పడం ఉంటుంది. అదే కథను పుస్తకంగా రెండు రోజుల్లో చదివితే సాగదీసినట్టు అనిపిస్తుంది. "రచయితకు క్లుప్తంగా రాయడం రాదు" అనేస్తే అన్యాయం అవుతుంది. అలాగని విసుగు పుట్టిన మాట దాచక్కర్లేదు. విసుగు పుట్టిందని, దానికి సీరియల్ పద్ధతి కారణమని రెండూ కలిపి చెప్పండి. పాత పత్రికల్లో ఆ సీరియళ్లు ఎలా వచ్చాయో కళ్లతో చూడాలనుకుంటే చీరాల పక్కన వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం ఉంది. పాత పత్రికలను జాగ్రత్తగా దాచిన గ్రంథాలయం అది.

ఎన్ని భాగాలు చదివారో కూడా చెప్పాలి. 'బారిస్టర్ పార్వతీశం' మొదటి భాగం 1924లో వచ్చింది, మొత్తం మూడు భాగాలు. మొగల్తూరు నుంచి ఇంగ్లండు ప్రయాణం వరకే చదివి "పార్వతీశం చదివా" అంటే, మూడు భాగాలూ చదివినవాళ్లతో మాట కుదరదు.

రాసుకోవడం: నూట యాభై మాటలు

పుస్తకం మూసిన వెంటనే రాయకండి. చివరి పేజీల ఊపు మొత్తం నవలను కప్పేస్తుంది. ఒక రాత్రి గడవనివ్వండి. కానీ మూడు రోజులు దాటనివ్వకండి, ఇంకో నవల అసలు మొదలుపెట్టకండి. వారం తర్వాత గుర్తుండేది కథ ఒక్కటే. భాష ఎలా ఉంది, ఎక్కడ ఆగిపోయాం, ఏ మాట తగిలింది అన్నవి మొదట పోతాయి.

నూట ఇరవై నుంచి నూట యాభై మాటలు చాలు. నోటితో చెబితే ఒకటిన్నర నిమిషం పడుతుంది. వాట్సాప్‌లో వాయిస్ పంపేటప్పుడూ ఇదే కొలత. ఐదు నిమిషాల వాయిస్‌ను "తర్వాత వింటా" అని పక్కన పెడతారు.

ఈ నాలుగు వాక్యాలు చూడండి: "మనసును కదిలించే నవల. పాత్రలు సజీవంగా ఉన్నాయి. శైలి హృద్యంగా సాగుతుంది. ప్రతి ఒక్కరూ చదవాల్సిన పుస్తకం." పేరు మార్చి ఏ నవలకైనా తగిలించవచ్చు. మీరు రాసుకున్న ప్రతి వాక్యానికీ ఈ పరీక్ష పెట్టండి. ఇంకో నవలకు కూడా సరిపోయే వాక్యాన్ని కొట్టేయండి. మొదటిసారి సగానికి సగం పోతుంది, పోనివ్వండి.

ఇప్పుడు ఇది:

"'అంపశయ్య' 1969లో వచ్చింది. పల్లె నుంచి వచ్చి ఉస్మానియా యూనివర్సిటీలో చదువుతున్న రవి అనే కుర్రాడి ఒక్క రోజు. బయట జరిగేది కొంచెం, అతని తలలో నడిచేది ఎక్కువ. చైతన్య స్రవంతి పద్ధతిలో రాసిన నవల. తర్వాత ఏం జరుగుతుందా అని చదివేవాళ్లకు మొదటి పేజీలు బరువుగా ఉంటాయి, ఆలోచన ఒక చోట మొదలై ఇంకో చోటికి దూకుతుంది. చేతిలో డబ్బుల్లేకుండా హాస్టల్లో ఉండి చదివినవాళ్లకు ఆ ఆలోచనలు తమవే అనిపిస్తాయి. రోజుకు పది పేజీల లెక్కన చదివేవాళ్లకు చెప్పను, తెగ్గొట్టి చదివితే పట్టు దొరకదు."

ఇందులో సంవత్సరం ఉంది, కథ ఎముక ఉంది, రాసిన పద్ధతి ఉంది. కష్టం ఎక్కడో, ఎందుకో ఉంది. ఎవరికి పనికొస్తుందో, ఎవరికి రాదో ఉంది. "అద్భుతం" లేదు. చివర ఏమైందో అంతకన్నా లేదు.

కథ ఎంతవరకు చెప్పవచ్చంటే, నాలుగో వంతు దాకా. 240 పేజీల నవల అయితే మొదటి 60 పేజీల్లో పాఠకుడికి ఎలాగూ తెలిసే సంగతులు చెప్పండి, అక్కడ ఆపండి. "చివర్లో పెద్ద ట్విస్టు ఉంది, అది మాత్రం చెప్పను" అనడం కూడా చెప్పడమే. ఆ మాట విన్నవాళ్లు పుస్తకమంతా ట్విస్టు కోసం వెతుక్కుంటూ చదువుతారు. అట్ట మీదా ముందుమాటలోనూ కథ మొత్తం చెప్పేసిన పుస్తకాలు తెలుగులో చాలానే ఉన్నాయి. అలాంటిది ఇచ్చేటప్పుడు "ముందుమాట చివర చదువు" అని ఒక్క మాట చెప్పండి.

ఎవరికి ఏది చెప్పాలి

మంచి నవలను తగని మనిషికి ఇచ్చి చెడగొట్టడం చాలా తేలిక. అడిగిన వెంటనే పేర్లు చెప్పేయకుండా, ముందు మీరు అడగండి. చివరిదాకా చదివిన ఆఖరి పుస్తకం ఏది? రోజుకు ఎంతసేపు చదవగలరు? ఇప్పుడు ఏ సంగతి చదవలేరు? మూడో ప్రశ్న సూటిగా అడగలేకపోతే మీరే ఆలోచించండి. ఇంట్లో ఈ మధ్యే మనిషి పోయినవాళ్లకు, ఆసుపత్రుల చుట్టూ తిరుగుతున్నవాళ్లకు జబ్బుతో నడిచే నవల ఇవ్వకూడదు, అదెంత గొప్పదైనా. తప్పక ఇవ్వాల్సి వస్తే "ఇందులో తల్లి చనిపోయే భాగం ఉందక్కా" అని ముందే చెప్పండి. అది కథ బయటపెట్టడం కిందకు రాదు.

ఒకే పేరు చెప్పండి. పది పేర్లు చెబితే ఒకటీ చదవరు. రెండో పేరు ఆ మొదటిది చదివాకే.

పెద్దవాళ్లకు చెప్పేటప్పుడు అక్షరం సైజు చూడండి. పాత ముద్రణల్లో అచ్చు చిన్నదిగా, కాగితం పసుపుగా ఉంటుంది. శుక్లం ఆపరేషన్ చేయించుకున్న మాస్టారు పది పేజీలకే పక్కన పెడితే లోపం నవలది కాదు. మళ్లీ ముద్రించినది దొరుకుతుందేమో వెతికి ఆ వివరం చెప్పండి.

మాండలికం సంగతి ఎప్పుడూ చెప్పాలి. నెల్లూరు, ఒంగోలు వైపు పాఠకులు ఉత్తరాంధ్ర, తెలంగాణ యాసల్లో రాసిన నవలలను మొదటి అధ్యాయంలోనే వదిలేయడం మామూలే. అర్థం కాకపోవడం కన్నా, కంటితో చదివితే ఆ మాట చెవికి వినబడకపోవడం కారణం. మొదటి పది పేజీలు పైకి చదవమని చెప్పండి. పలికితే సగం మాటలు వాటంతటవే అర్థమవుతాయి, మిగతావి సందర్భాన్ని బట్టి తెలుస్తాయి. అనువాద నవలకు అనువాదకుల పేరు తప్పకుండా చెప్పాలి. ఒకే నవలకు రెండు అనువాదాలుంటే, ఒకటి చదివి మెచ్చుకున్న పుస్తకాన్ని ఇంకొకరు రెండోది కొని తిట్టుకోవచ్చు.

నచ్చనప్పుడు

"నాకు నచ్చలేదు" వేరు, "బాగా రాయలేదు" వేరు. మొదటిదానికి మీ అభిరుచి చాలు, రెండోదానికి పేజీ నంబరు కావాలి. "డెబ్బయ్యో పేజీ దాకా చదువు రాని మనిషిగా ఉన్న ఆమె తొంభైలో లాయరులా మాట్లాడుతుంది, మధ్యలో ఏం మారిందో లేదు" అంటే విన్నవాళ్లు వెళ్లి చూసుకోగలరు, మీతో వాదించగలరు. సగంలో ఆపేసి ఉంటే ఎన్నో పేజీలో ఆపారో చెప్పండి. సగం చదివి చెప్పడం తప్పేమీ కాదు, పూర్తిగా చదివినట్టు చెప్పడం తప్పు.

రచయిత మన ఊరివాడే కావడం, ఎదురుగానే కూర్చోవడం ఇక్కడ మామూలు. నెల్లూరు పురమందిరంలో ఆవిష్కరణ సభ జరిగితే అక్కడ శాలువా కప్పుతారు, మంచి మాటలు చెబుతారు, అది ఆ సభకు తగిన పని. నవల మీద నిజమైన చర్చకు అది చోటు కాదు. అప్పటికి ఆ పుస్తకం చదివినవాళ్లు వేదిక మీద ఒకరిద్దరే ఉంటారు. చర్చ నెలన్నర తర్వాత, జనం చదివాక పెట్టుకోండి. రచయితను పిలిస్తే మొదట వినమని, చివరి పదిహేను నిమిషాలు మాట్లాడమని ముందే అడగండి. ఆయన మొదట మాట్లాడితే మిగతావాళ్లందరూ "సార్ చెప్పినట్టు" అని మొదలుపెడతారు.

కలిసి మాట్లాడుకునే పద్ధతి

ఎనిమిది నుంచి పన్నెండు మంది, ఒకే నవల, గంటన్నర. పుస్తకం పేరు ఐదు వారాల ముందే చెప్పాలి. తెప్పించుకోవడానికి వారం పది రోజులు పోతాయి, చదవడానికి మూడు వారాలు కావాలి. పన్నెండు మందికి నాలుగు కాపీలు ఉన్నా, మూడు వందల పేజీల లోపు నవల అయితే ఒక్కొక్కరికి వారం లెక్కన ఒక్కో కాపీ ముగ్గురికి తిరుగుతుంది. ఈ లెక్క కోసం పేర్లు, తేదీలు ముందే రాసి అందరికీ ఇవ్వండి. పీడీఎఫ్ పంచుకోవడం మానండి. ఇప్పుడు తెలుగు నవల ఐదొందలో వెయ్యో కాపీలు వేయడమే ఎక్కువ, అందులో పది కాపీలు అమ్ముడుపోవడం కూడా ప్రచురణకర్తకు లెక్కే.

కుర్చీలు గుండ్రంగా వేయండి. వేదిక, మైకు, సభాధ్యక్షులు వద్దు, అవి పెట్టగానే ఉపన్యాసం మొదలవుతుంది. మొదట ఒక్కొక్కరు రెండు నిమిషాలు, ఎవరూ మధ్యలో కలగజేసుకోకుండా. పన్నెండు మందికి ఇరవై నాలుగు నిమిషాలు. తర్వాత ముగ్గురు తమకు తగిలిన భాగాన్ని పైకి చదవాలి, పది నిమిషాలు. ఆపైన నలభై నిమిషాలు చర్చ. మిగిలిన సమయంలో ఒక్కొక్కరు ఈ మధ్య చదివిన ఇంకో నవల పేరు, రెండు వాక్యాలు. తర్వాతి పుస్తకం వాటిలోంచే తేలుతుంది.

చర్చ దారి తప్పేది ఎక్కువగా రెండు చోట్ల. ఒకటి, అనుభవమున్న మాస్టారొకరు అరగంట అందుకోవడం. రెండు నిమిషాల నియమం అందరికీ ఒకటేనని మొదటే చెబితే ఆయనా నొచ్చుకోరు. రెండోది ఇంకా కష్టం: మాట నవల వదిలి రచయిత కులం మీదికో, పార్టీ మీదికో పోవడం. "అది ఏ పేజీలో కనబడింది సార్?" అని మర్యాదగా అడగండి. పేజీ చూపిస్తే అది చర్చే, సాగనివ్వండి. చూపించలేకపోతే పక్కవారికి అవకాశం ఇవ్వండి. చదవకుండా వచ్చినవాళ్లను పంపేయకండి, వినమనండి. కానీ మొదటి విడతలో వాళ్ల వంతు ఉండదు.

తేదీ విషయంలో: ఎండాకాలంలో సాయంత్రం ఐదున్నరకు ముందు ఎవరూ రారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈ తీరానికి తుఫాన్ల కాలం, అనుకున్న రోజు కుదరకపోతే ఇంకో ఆదివారం కూడా అనుకుని పెట్టుకోండి. నెల్లూరు దర్గామిట్టలో రొట్టెల పండుగ రోజుల్లో బారాషహీద్ దర్గా చుట్టుపక్కల రద్దీలో ఆ వైపు పెట్టవద్దు. సభ్యుల్లో టీచర్లుంటే మార్చిలో పదో తరగతి పరీక్షలు చూసుకుని తేదీ వేయండి.

పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడానికి ఒక నోటు పుస్తకం ఉండాలి: పుస్తకం పేరు, తీసుకున్నవారి పేరు, ఇచ్చిన తేదీ, తిరిగి రావాల్సిన తేదీ. తిరిగి ఇచ్చేటప్పుడు అదే వరుసలో ఒక్క వాక్యం రాయమనండి, చదివారా, ఎక్కడ ఆపారు, ఎవరికి ఇస్తే బాగుంటుందనుకుంటున్నారు. కొత్తగా చేరినవాళ్లు ఏం చదవాలని అడిగితే ఆ నోటు పుస్తకం చేతికివ్వండి.