రాయి వెలుగుతోందా, టార్చి వెలుగే కనిపిస్తోందా?

కొన్ని రాళ్లు కంటికి కనిపించని అతినీలలోహిత కాంతి పడితే తమ సొంత రంగులో వెలుగుతాయి. కానీ ఆ టార్చి వేయగానే రాయి ఊదాగా మెరిస్తే సంబరపడకండి. చాలాసార్లు అది టార్చి ఊదా వెలుగే, రాతి మీద పడి తిరిగొస్తోంది. చవకగా దొరికే 395 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న టార్చిలతో వచ్చే చిక్కు ఇదే. 365 నానోమీటర్లది తీసుకోండి, అదీ ముందు జెడ్‌డబ్ల్యూబీ2 అనే నల్లటి ఫిల్టరు గాజు ఉన్నది. ఆ గాజు లేకపోతే 365 టార్చి నుంచి కూడా తెల్లటి వెలుగు కారి, మసక రంగులను కప్పేస్తుంది.

రాయిని బ్రష్షుతో, ఉత్త నీళ్లతో కడిగి ఆరబెట్టండి. బట్టల సబ్బుపొడి వద్దు, అందులోని తెలుపునిచ్చే రసాయనాలు నీలంగా వెలుగుతాయి. ఉప్పురాయికి నీళ్లు తగలనివ్వకండి, కరిగిపోతుంది. నూలుపోగులు కూడా నీలంగా మెరుస్తాయి కాబట్టి వాటిని దులిపేయండి. గదిని పూర్తిగా చీకటి చేసి, కళ్లు అలవాటుపడేందుకు పది నిమిషాలు ఆగాకే టార్చి వేయండి.

రంగు ఎక్కువగా రాతిలోని కొద్దిపాటి మలినం వల్ల వస్తుంది. కాల్సైట్‌లో మాంగనీసు అనే లోహం ఉంటే ఎరుపు, నారింజ. కెంపులో క్రోమియం వల్ల ముదురు ఎరుపు. ఫ్లోరైట్‌లో యూరోపియం వల్ల నీలం. ఇనుము ఎక్కువైతే ఆ శక్తిని వేడిగా మార్చి వెలుగును చంపేస్తుంది. అందుకే పేరు ఒకటే అయినా ప్రతి ముక్కనూ విడిగా చూడాల్సిందే. కళ్లు చెదిరే ఆకుపచ్చ కనిపిస్తే యురేనియం ఉందేమో అనుకుని, ఆ రాయిని వేరుగా పెట్టి చేతులు కడుక్కోండి.

365కి స్పందించని రాయిని పారేయకండి, 254 నానోమీటర్ల అతినీలలోహిత దీపం కింద పెట్టండి. అమెరికాలో న్యూజెర్సీలోని ఫ్రాంక్లిన్ గనుల విల్లెమైట్ అనే జింకు ఖనిజం పచ్చగా, దానితో కలిసివుండే కాల్సైట్ ఎర్రగా బాగా వెలిగేది ఈ కాంతిలోనే. టంగ్‌స్టన్ ఖనిజమైన షీలైట్ నీలితెలుపుగా కనిపిస్తుంది. మాలిబ్డినం పెరిగేకొద్దీ పసుపుకు తిరుగుతుంది. ఈ కాంతిని మామూలు గాజు ఆపేస్తుంది, కాబట్టి రాయి గాజుపెట్టెలో ఉంటే ఏమీ కనిపించదు.

254 దీపంతో ఆటలాడకూడదు. పాలికార్బొనేట్ కళ్లద్దాలు, చేతితొడుగులు తప్పనిసరి. కంటికి దెబ్బ తగిలితే నొప్పి వెంటనే కాదు, కొన్ని గంటల తర్వాత మొదలవుతుంది.

చివరగా, దీపం వెలుగుతుండగానే కళ్లు మూసుకుని, దాన్ని ఆర్పి, వెంటనే తెరవండి. కొన్ని కాల్సైట్లు ఇంకా వెలుగుతూనే ఉంటాయి. కళ్లు తెరిచే ఉంచి ఆర్పితే, ముందటి వెలుగుకు అలవాటుపడిన కంటికి ఆ మిగులు వెలుగు అందదు.