సీయూఈటీ ఫారానికి చివరి తేదీలు మూడు

కాశీనగరం నుంచి ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. ప్లస్ టూ చదువుతున్న పిల్ల. కూర్చోగానే తల్లి అడిగిన మొదటి మాట: "బాబూ, ఆ సెంట్రల్ యూనివర్సిటీ ఫారానికి ఆఖరు తేదీ ఎప్పుడు?" "తేదీ తర్వాత చెప్తానమ్మా, ముందు పాప మెట్రిక్ (పదో తరగతి) సర్టిఫికెట్టు, ఆధార్ కార్డు పక్కపక్కన పెట్టండి" అన్నాను. పెట్టారు. మెట్రిక్ సర్టిఫికెట్టులో పాప పేరు ముందు, ఇంటిపేరు చివర. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క ఇంగ్లీషు అక్షరమై ముందు కూర్చుంది. తండ్రి పేరులో 'రావు' ఒక చోట ఉంది, ఇంకో చోట లేదు.

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తెలుగు ఇళ్లలో ఇది మామూలే. మన పిల్లల పేర్లు ఒడియా బడి రిజిస్టర్లో ఒక రకంగా, ఇంట్లో పెద్దల కాగితాల్లో మరో రకంగా ఉంటాయి. గడువు దాటిపోయిందని నా దగ్గరకొచ్చి బాధపడినవాళ్లలో తేదీ తెలియనివాళ్లు తక్కువ. తేదీ తెలిసి కూడా కాగితం చేతికి రానివాళ్లే ఎక్కువ. అందుకే ఈ వివరమంతా కాగితాల వైపు నుంచి రాస్తున్నాను.

ముందు పరీక్ష సంగతి రెండు ముక్కల్లో. సీయూఈటీ-యూజీ అంటే కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ సీట్ల కోసం దేశమంతటికీ ఒకటే ప్రవేశ పరీక్ష. 2022లో మొదలైంది. నిర్వహించేది నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ, అందరూ ఎన్‌టీఏ అనేది. కోరాపుట్‌లోని ఒడిశా కేంద్రీయ విశ్వవిద్యాలయం, విజయనగరంలోని కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం, హైదరాబాద్ విశ్వవిద్యాలయం, అనంతపురంలోని ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఢిల్లీ విశ్వవిద్యాలయం లాంటివన్నీ దీని కిందికి వస్తాయి. 12వ తరగతి పాసైనవాళ్లు, ఆ ఏడాది రాస్తున్నవాళ్లు దరఖాస్తు చేయొచ్చు. పరీక్ష కంప్యూటర్ మీద, 13 భాషల్లో జరుగుతుంది. వాటిలో తెలుగూ ఉంది, ఒడియా కూడా ఉంది.

ఫారం ఏ నెలలో వస్తుంది?

ఇదీ నెల అని నమ్మకం పెట్టుకోకండి. 2022లో ఏప్రిల్ 6న తెరిచారు. 2023లో ఫిబ్రవరి 9న, 2024లో ఫిబ్రవరి 27న, 2025లో మార్చి 1న. దాంతో చాలామంది మార్చి అని మనసులో రాసేసుకున్నారు. 2026 పరీక్షకు జనవరి 3నే తెరిచి, మొదటి గడువు జనవరి 30 అన్నారు. మార్చి దాకా ఆగుదామనుకున్నవాళ్ల పని ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. కాబట్టి డిసెంబర్ రాగానే వారానికి ఒకసారి ఎన్‌టీఏ వారి సీయూఈటీ సైటు చూడటం అలవాటు చేసుకోండి. అడ్రస్ సీయూఈటీ డాట్ ఎన్‌టీఏ డాట్ ఎన్‌ఐసీ డాట్ ఇన్. వాట్సాప్‌లో తిరిగే తేదీల ఫొటో పోయినేడాదిదై ఉండొచ్చు, పైన సంవత్సరం చూడకుండా దాన్ని నమ్మొద్దు.

ఇక గడువు ఒక్కటే కాదు. 2025 తేదీలే తీసుకుందాం. ఫారం నింపడానికి మార్చి 22, ఫీజు కట్టడానికి మార్చి 23, తప్పులు దిద్దుకోవడానికి మార్చి 24 నుంచి 26 వరకు. తర్వాత పొడిగించి ఫారానికి 24, ఫీజుకు 25, దిద్దుబాటుకు 26 నుంచి 28 అన్నారు. ఫారం, ఫీజు ఆగేది రాత్రి 11:50కి. పన్నెండు కాదు. ఆ పది నిమిషాలను నమ్ముకుని కూర్చున్నవాళ్లను నేను చూశాను.

పొడిగిస్తారులే అని ధీమాగా ఉండేవాళ్లూ ఉన్నారు. నిజమే, 2022 నుంచి 2025 దాకా ప్రతిసారీ పొడిగించారు. 2024లోనైతే మార్చి 26ను 31కి, మళ్లీ ఏప్రిల్ 5కి జరిపారు. 2025లో మాత్రం పెరిగింది రెండు రోజులే. రెండు రోజుల్లో తహసీలు ఆఫీసు నుంచి కాగితం రాదు.

పేరు

ఫారంలో మీ పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన తేదీ పదో తరగతి సర్టిఫికెట్టులో ఎలా ఉన్నాయో అలాగే కొట్టాలి. ఇంట్లో పిలిచే పేరు, ఆధార్ పేరు అక్కడ పనికిరావు. ఆధార్ వేరుగా ఉంటే దాన్నే మెట్రిక్‌కు తగ్గట్టు మార్పించుకోవడం మేలు. అందుకు ఆధార్ సెంటరుకు వెళ్లాలి, మార్పు పడటానికి వారాలు పట్టొచ్చు. ఇంకో సంగతి: ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. తొందరలో స్పెల్లింగ్ తప్పుతో ఒక అవకాశం పోగొట్టుకోకండి. సెంటరులో ఆపరేటరు కొట్టింది స్క్రీన్ మీద ఒక్కో అక్షరం చదివాకే సరేననండి.

ఈ పని ప్లస్ టూ మొదటి ఏడాది సెలవుల్లో అయిపోతే మంచిది. రెండో ఏడాది జనవరి, ఫిబ్రవరి వచ్చేసరికి ప్రాక్టికల్స్, బోర్డు పరీక్షల టెన్షన్ పట్టుకుంటుంది.

కులం కాగితం

మన సరిహద్దు జిల్లాల్లో ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. ఒడిశాలో వెనకబడిన తరగతులకు తహసీలు ఆఫీసు మామూలుగా ఇచ్చేది ఎస్ఈబీసీ (సామాజికంగా, విద్యాపరంగా వెనకబడిన తరగతులు) సర్టిఫికెట్టు. అది రాష్ట్ర ప్రభుత్వ పనులకు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో అడిగేది ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్టు, అంటే వెనకబడిన తరగతుల్లో బాగా కలిగిన కుటుంబం కాదని చెప్పే కాగితం, అదీ కేంద్రం నమూనాలో. మీ కులం ఒడిశాకు సంబంధించిన కేంద్ర జాబితాలో ఉంటేనే అది వస్తుంది. రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలున్నాయి. ఆంధ్రాలో బీసీగా ఉండి ఇక్కడ జాబితాలోనే కనపడని కులాలూ ఉన్నాయి. అక్కడ మేనమామ పిల్లలకు వచ్చింది కదా అని ఇక్కడ మనకు వస్తుందనుకోవద్దు.

దరఖాస్తు ఈ-డిస్ట్రిక్ట్ పోర్టల్లో గానీ, దగ్గర్లోని జన సేవా కేంద్రంలో గానీ పెట్టొచ్చు. తర్వాత ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) విచారణ ఉంటుంది. కుటుంబం ఎప్పటి నుంచి ఇక్కడ ఉంది, మూలం ఏ ఊరు అని అడుగుతారు. తండ్రి, తాతల పాత భూమి పట్టాలు, పాత కుల ధ్రువపత్రాలు ఉంటే అవి తీసి పెట్టుకోండి. 1936కు ముందు పర్లాకిమిడి మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కాబట్టి తాతల నాటి కాగితం తెలుగులోనో ఇంగ్లీషులోనో ఉండటం ఇక్కడ వింత కాదు. అలాంటివి ఉంటే జిరాక్స్‌తో పాటు అసలు కూడా పట్టుకెళ్లండి.

ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడినవాళ్ల) సర్టిఫికెట్టు ఒక ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. ఫారం జనవరిలో నింపితే, సీటు వచ్చేసరికి ఏప్రిల్ 1 దాటి సంవత్సరం మారిపోతుంది. చాలా విశ్వవిద్యాలయాలు అడ్మిషన్ వేళ కొత్తది అడుగుతాయి. ఓబీసీ వాళ్లకూ ఇదే చిక్కు రావొచ్చు. ఏప్రిల్ మొదటి వారంలోనే ఇంకోసారి దరఖాస్తు పెట్టేస్తే జూన్, జూలైలో పరుగులుండవు.

ఫారం నింపే రోజు

ఫోన్ నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి. నెట్ సెంటర్లలో హడావిడిగా సెంటరు వాళ్ల నంబరే వేసేయడం నేను చాలాసార్లు చూశాను. ఓటీపీలు, అడ్మిట్ కార్డు సమాచారం అన్నీ ఆ నంబరుకే పోతాయి. పైగా 2025లో దిద్దుబాటు రోజుల్లో కూడా ఫోన్ నంబరు, ఈమెయిల్, చిరునామా మార్చనివ్వలేదు. నాన్న నంబరైనా పర్వాలేదు, ఇంట్లో ఉండే నంబరు కావాలి. అప్లికేషన్ నంబరు, పాస్‌వర్డ్ నోటుబుక్‌లో రాసుకోండి.

ఫొటో తెల్ల వెనకతెర మీద, చెవులు కనపడేలా ఉండాలి. పెళ్లి ఫొటోలోంచి కత్తిరించినవి పనికిరావు.

ఎక్కువ ఆలోచించాల్సింది సబ్జెక్టుల దగ్గర. 2025 నుంచి ఒకరు ఐదు సబ్జెక్టుల దాకా ఎంచుకోవచ్చు. భాషలు 13, చదువు సబ్జెక్టులు 23, జనరల్ ఆప్టిట్యూడ్ టెస్ట్ ఒకటి, మొత్తం 37లోంచి. ఒక్కో పేపరు గంట, 50 ప్రశ్నలు, అన్నీ రాయాలి. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు 1 పోతుంది. 12వ తరగతిలో చదవని సబ్జెక్టు కూడా తీసుకోవచ్చని 2025లో అన్నారు. కానీ మీరు కోరే కోర్సుకు ఆ విశ్వవిద్యాలయం దాన్ని ఒప్పుకుంటుందో లేదో వాళ్ల సైటులోనే చూడాలి. తెలుగు ఒక భాషా పేపరుగా ఉంది, కోడ్ 112. ఒడియా మీడియంలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు అలవాటు మీద తెలుగు ఎంచుకుంటారు. రాయడం, చదవడం గట్టిగా వస్తేనే తీసుకోండి. ఏ భాషా పేపరు కావాలో కోర్సును బట్టి ఉంటుంది, మన ఇష్టాన్ని బట్టి కాదు.

పరీక్ష ఊరు ఎంచుకునేటప్పుడు పొద్దున షిఫ్టుకు అందుకునే రైలో బస్సో ఉందా అని చూడండి. పర్లాకిమిడి నుంచి దూరం తక్కువ కదా అని ఒక ఊరు పెట్టి, ముందు రాత్రే వెళ్లి స్టేషన్లో పడుకున్నవాళ్లున్నారు.

ఫీజు

2025లో మూడు సబ్జెక్టుల దాకా జనరల్ వాళ్లకు 1000 రూపాయలు, ఓబీసీ నాన్ క్రీమీలేయర్, ఈడబ్ల్యూఎస్ వాళ్లకు 900, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు, థర్డ్ జెండర్ వాళ్లకు 800. ఆపైన ఒక్కో సబ్జెక్టుకు వరసగా 400, 375, 350. కార్డు, నెట్ బ్యాంకింగ్, యూపీఐ ఏదైనా సరే. కట్టింది తిరిగి రాదు.

డబ్బు కట్టాక కన్ఫర్మేషన్ పేజీ వస్తేనే దరఖాస్తు పూర్తయినట్టు. ఫారం సబ్మిట్ కొట్టగానే అయిపోయిందనుకుని ఇంటికెళ్లిపోయిన పిల్లాడు మా బంధువుల్లోనే ఉన్నాడు. మా అక్క కొడుకు. ఆఖరి రాత్రి యూపీఐలో డబ్బు కట్ అయింది, పేజీ రాలేదు. మర్నాడు ఫీజు గడువు ఇంకా ఉంది కాబట్టి మళ్లీ కట్టి బయటపడ్డాం. ఆ రోజూ లేకపోతే ఏడాది పోయేది. మీకు అలా జరిగితే లావాదేవీ నంబరు రాసుకుని బ్యాంకు ఖాతా చూడండి, సైటులో ఫీజు స్థితి చూడండి, రెండింటినీ బట్టి మళ్లీ కట్టాలా వద్దా తేల్చుకోండి. ఎన్‌టీఏ సహాయ నంబరు 011-40759000. గడువుకు ఐదారు రోజుల ముందే కడితే ఈ తంటా వచ్చినా నిద్ర పడుతుంది.

ఒకరికి ఒక్క ఫారమే. తప్పు పడిందని రెండోది నింపకండి, దిద్దుబాటు రోజులు ఉన్నది అందుకే. అప్పుడు సబ్జెక్టు పెంచితే తేడా ఫీజు కట్టాలి, తగ్గిస్తే వెనక్కివ్వరు. కన్ఫర్మేషన్ పేజీని ఎన్‌టీఏకి పోస్టులో పంపాల్సిన పని లేదు, ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకుంటే చాలు.

చివరగా ఒకటి. ఈ ఫారం పరీక్షకు మాత్రమే. స్కోరు వచ్చాక సీటు కోసం కోరాపుట్‌కైనా హైదరాబాద్‌కైనా ఆయా విశ్వవిద్యాలయం సైటులో మళ్లీ నమోదు చేసుకోవాలి. ఆ గడువులు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి, వాటిని ఎన్‌టీఏ చెప్పదు. కాశీనగరం పాప ఆధార్ మార్పు పడింది. ఇప్పుడు వాళ్ల ఇంట్లో క్యాలెండర్ మీద ఆ గడువులకని ఖాళీ గళ్లు గీసి పెట్టుకున్నారు.