డీజిల్ వ్యాను మొరాయిస్తే ముందుగా ఏం చూడాలి

2005లో టాటా ఏస్ అనే చిన్న సరుకుల వ్యాను రోడ్డెక్కినప్పుడు దానిలో ఉన్నది రెండు సిలిండర్ల, 702 సీసీల సాదాసీదా డీజిల్ ఇంజన్. నాలుగు పానాలు, కాస్త ఓపిక ఉన్న డ్రైవరు దాన్ని రోడ్డు పక్కనే దారికి తెచ్చుకోగలిగేవాడు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమల్లోకి వచ్చాక తయారైన డీజిల్ వ్యాన్లలో చాలావాటికి కామన్ రెయిల్ (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి అధిక పీడనంతో డీజిల్ అందించే ఏర్పాటు), టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపేది), సెన్సర్లు ఉంటాయి. సైలెన్సర్ దారిలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే ఫిల్టర్ కూడా చాలా బండ్లలో ఉంటుంది. ఈ రెండు తరాల బండ్లూ మన మార్కెట్ యార్డుల ముందు ఇప్పటికీ పక్కపక్కనే లోడు ఎత్తుకుంటున్నాయి కాబట్టి, చెయ్యి పెట్టే ముందు మన బండి ఏ తరానిదో తెలుసుకోవాలి. పాత బండికి చేసే వైద్యం కొత్త బండికి చేస్తే చేతులకే ప్రమాదం. రెండింటికీ పనికొచ్చే పద్ధతి మాత్రం ఒకటుంది: చవకలో తేలిపోయే కారణాన్ని ముందు చూడాలి, డీజిల్ పంపు, ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు, టర్బో లాంటి ఖరీదైనవాటి జోలికి చివరగా వెళ్లాలి. షెడ్డులో చాలాసార్లు దీనికి తలకిందులుగా జరుగుతుంది, ఎందుకంటే అక్కడ బిల్లు కట్టేది మనం.

బండి నడుస్తూ నడుస్తూ పికప్ తగ్గి, తుళ్లుతూ ఆగిపోతే మొదట అనుమానించాల్సింది డీజిల్‌లో చేరిన నీటిని. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో రాత్రి చల్లదనానికి గాలిలోని తేమ నీరుగా మారి అడుగుకు చేరుతుంది, అందువల్ల వానాకాలంలో ట్యాంకును సాయంత్రమే నింపుకోవడం మంచిది. డీజిల్ ఫిల్టర్ అడుగున ఉండే డ్రెయిన్ స్క్రూను కొద్దిగా వదులు చేసి, వచ్చినదాన్ని గాజు సీసాలో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచితే, నీరు బరువు కాబట్టి అడుగుకు దిగి, రెండింటి మధ్య గీత స్పష్టంగా కనిపిస్తుంది. డీజిలే పంపుకు, నాజిళ్లకు కందెనగా కూడా పనిచేస్తుంది. నీటికి ఆ గుణం లేదు. ఐదు నిమిషాల ఈ పని వాయిదా వేసుకున్నందుకు నేను ఒకసారి పంపు మొత్తానికి డబ్బు కట్టాను. నీరు చేరిందని తెలిపే దీపం డాష్‌బోర్డులో వెలిగితే, డెలివరీ ముగించాక చూద్దామని అనుకోకూడదు.

ఫిల్టర్ మార్చాక, లేదా ట్యాంకు పూర్తిగా ఖాళీ అయ్యాక బండి అందుకోకపోతే లైన్లో ఎయిర్ పట్టిందని అర్థం. పాత ఇంజన్లలో ఫిల్టర్ మీది స్క్రూను వదులు చేసి, బుడగలు ఆగి శుభ్రమైన డీజిల్ ధారగా వచ్చేదాకా చేతి పంపు కొట్టి, ధార పడుతుండగానే స్క్రూ బిగించాలి. అప్పటికీ అందుకోకపోతే నాజిల్ దగ్గర పైపు నట్టును ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టించి గాలి తీసేవారు. ఈ చివరి పని కామన్ రెయిల్ ఇంజన్ మీద ఎప్పుడూ చేయకూడదు. దాని పైపుల్లో పీడనం 1,600 బార్ల దాకా, కొన్ని ఇంజన్లలో అంతకు మించి ఉంటుంది. సన్నని డీజిల్ ధార చర్మాన్ని చీల్చుకుని ఒంట్లోకి దూరుతుంది, పైకి చిన్న గాటులా కనిపించినా అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన గాయం. అలాంటి బండ్లకు ఫిల్టర్ వైపున్న చేతి పంపు, లేదా కీ తిప్పగానే పనిచేసే విద్యుత్ పంపు ద్వారా మాత్రమే గాలి తీయాలి. సెల్ఫ్‌ను ఒక్కసారికి పది, పదిహేను సెకన్లకు మించి కొట్టకుండా, మధ్యలో అర నిమిషమైనా విరామం ఇవ్వాలి.

ఉదయం పూట సెల్ఫ్ నీరసంగా తిరిగితే ముందు బ్యాటరీ టెర్మినళ్లపై చేరిన తెల్లని పొడిని, ఇంజన్‌కు వెళ్లే ఎర్త్ వైరును శుభ్రం చేయాలి. నిలిపి ఉన్న బండి బ్యాటరీ దాదాపు 12.6 వోల్టులు, ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 14 వోల్టులు చూపించాలి. రెండో అంకె పెరగకపోతే లోపం బ్యాటరీది కాదు, డైనమోదో, బెల్టుదో.

ఎండాకాలంలో లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి పోవడం మరో సాధారణ సమస్య. వరిగడ్డి, పత్తి, ఊక తోలే బండ్ల రేడియేటర్ జాలీలో నూగు పేరుకుంటుంది. ఇంజన్ చల్లారాక దాన్ని లోపలి వైపు నుంచి బయటికి, మెల్లని నీటి ధారతో కడగాలి. రేడియేటర్‌లో బోరు నీళ్లు పోయడం మన దగ్గర బలమైన అలవాటు. నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లని పొరే రేడియేటర్ గొట్టాల్లోనూ కడుతుంది, అందువల్ల కంపెనీ చెప్పిన కూలెంటును శుద్ధమైన నీటితో చెప్పిన పాళ్లలో కలిపి వాడాలి. కొందరు మెకానిక్‌లు వేడి తగ్గుతుందని థర్మోస్టాట్‌ను (ఇంజన్ వేడెక్కేదాకా కూలెంటును రేడియేటర్‌కు పోనివ్వని కవాటాన్ని) పీకేస్తారు. అప్పుడు ఇంజన్ తగినంత వేడెక్కక అరుగుదల, డీజిల్ ఖర్చు రెండూ పెరుగుతాయి. కూలెంటు తరచుగా తగ్గుతూ, ఆయిల్ మూత లోపల పాల టీ రంగు మడ్డి కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాకుకు, పైనున్న హెడ్‌కు మధ్య ఉండే సీలు) పోయినట్లు అనుమానించి బండిని అక్కడే ఆపాలి. వేడి మీద రేడియేటర్ మూత తీయకూడదని వేరే చెప్పనక్కరలేదు, అయినా ఏటా ఎవరో ఒకరు తీస్తూనే ఉంటారు.

పొగ రంగు కూడా చాలా చెబుతుంది. నల్ల పొగ అంటే డీజిల్‌కు తగిన గాలి అందడం లేదు: ముందు ఎయిర్ ఫిల్టర్, తరువాత టర్బో నుంచి ఇంజన్‌కు వెళ్లే రబ్బరు గొట్టం చీలిందేమో, ఆపైన పొగలో కొంత భాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్‌లో మసి, చివరగా నాజిళ్లు చూడాలి. గొట్టం చీలితే లోడు మీద బుస కొట్టిన శబ్దం వినిపిస్తుంది. నీలి పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. ఇంజన్ బోరుకు వచ్చిందని, అంటే సిలిండర్లు అరిగాయని తేల్చేముందు టర్బో సీలును పరీక్షించాలి. ఇంజన్ వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ వస్తే డీజిల్ సరిగా మండకపోవడమో, కూలెంటు లోపలికి కారడమో కారణం.

బీఎస్-6 వ్యాను యజమానులను ఎక్కువగా విసిగించేది డీపీఎఫ్ దీపం. ఆ ఫిల్టర్‌లో చేరిన మసి కాలి శుభ్రపడాలంటే దానిలో వేడి దాదాపు 600 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. హైదరాబాద్ బేగంబజార్ సందుల్లో పది అడుగులకొకసారి ఆగుతూ పార్సిళ్లు దించే బండికి ఆ వేడి ఎన్నటికీ రాదు. అందువల్ల బండి అలాంటి పనిలోనే ఉంటే, వారానికొకసారైనా ఔటర్ రింగ్ రోడ్డు వంటి దారిలో ఇరవై, ముప్పై నిమిషాలు ఆగకుండా, ఇంజన్ మరీ తక్కువ తిరుగుడులో నడవని గేరులో తోలాలి. శుభ్రపడే పని సాగుతుండగా ఇంజన్ ఆపేస్తే, అందుకోసం అదనంగా చిమ్మిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల వెంట ఆయిల్‌లోకి దిగుతుంది. బండిని చదునైన చోట నిలిపి, ఇంజన్ ఆపిన ఐదు నిమిషాలకు డిప్ స్టిక్ చూసినప్పుడు మట్టం గుర్తును దాటి ఉంటే సంతోషించకుండా ఆయిల్ మార్చాలి, ఎందుకంటే పలచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. ఈ బండ్లకు తక్కువ బూడిద మిగిల్చే ఆయిల్‌నే పోయాలి. మామూలు ఆయిల్ కాలగా మిగిలే బూడిద డీపీఎఫ్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. పొగను శుభ్రపరచడానికి వేరే ట్యాంకులో యూరియా ద్రవం పోసే బండ్లలో దాన్ని పొరపాటున డీజిల్ ట్యాంకులో పోస్తే కీ కూడా తిప్పకుండా ట్యాంకును ఖాళీ చేయించాలి.

క్లచ్ జారుతోందని అనుమానం వస్తే, ముందు ఎవరూ లేని చదునైన చోట హ్యాండ్ బ్రేకు గట్టిగా వేసి, మూడో గేరులో క్లచ్‌ను మెల్లగా వదలాలి. ఇంజన్ ఆగిపోతే ప్లేటు బాగున్నట్టు, తిరుగుతూనే ఉంటే అరిగినట్టు. కమాన్ పట్టీలను ఇరుసుకు పట్టి ఉంచే యూ-బోల్టులు లోడు కుదుపులకు వదులవుతాయి కాబట్టి, కొత్త పట్టీలు వేయించిన కొద్ది రోజులకే మళ్లీ బిగింపు చూడాలి. బండి ఒక పక్కకు ఒరిగి కనిపిస్తే విరిగిన పట్టీని వెతకాలి. అది తరచుగా మధ్య బోల్టు దగ్గరే, మట్టి పేరుకుని కంటికి కనిపించని చోట చీలుతుంది.