సాల్మొనెల్లా జాడ పట్టడం – 5వ పాఠం: బాణం గీసే ముందు

ఈసారి, విరేచనాలు తెప్పించే సాల్మొనెల్లా క్రిమి ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవడానికి, కొనుగోలు బిల్లులు పట్టుకుని దుకాణం నుంచి ఫారం దాకా వెనక్కి నడవడం ఎలాగో చెప్పాల్సి ఉంది. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. పోయిన అభ్యాసానికి మీరు పంపిన జవాబుల్లో ఒకే పొరపాటు మళ్లీ మళ్లీ కనిపించింది. అది సర్దుకోకుండా బిల్లుల జోలికి వెళితే, ముందే నేరస్థుణ్ని తేల్చేసుకుని సాక్ష్యం కోసం వెతికినట్టవుతుంది.

పట్టిక మళ్లీ తీయండి. అభ్యాసం కోసం కల్పించిన ఆరు శాంపిళ్లు అవి: ఇద్దరు రోగుల మలం, కోళ్ల రెట్ట, గుడ్ల ట్రే, దాణా బస్తా, షెడ్డులో దొరికిన బల్లి. ఆరింటిలోనూ దొరికింది ఎంటెరిటిడిస్ అనే సాల్మొనెల్లా రకమే. ఇద్దరు రోగులకూ కోళ్ల రెట్టకూ మధ్య జన్యుక్రమంలో, అంటే క్రిమి డీఎన్‌ఏ అక్షరాల వరుసలో, తేడా సున్నా. ట్రేకి ఒక అక్షరం తేడా, దాణాకు రెండు, బల్లికి 41. బల్లిని అందరూ సరిగ్గానే పక్కన పెట్టారు. రకం పేరు ఒకటే అయినంత మాత్రాన మూలం ఒకటి కాదన్న 3వ పాఠం ఎక్కిందన్నమాట. కానీ మిగతాదానికి ఎక్కువమంది రాసిన జవాబు "కోళ్ల నుంచి మనుషులకు వచ్చింది" అని. కొందరు ఈ తేడాలతో గీసిన క్రిముల వంశవృక్షం మీద రెట్ట దగ్గర మొదలుపెట్టి రోగి దాకా బాణం కూడా గీశారు.

ఆ బాణానికి ఆ పట్టికలో ఆధారం లేదు.

సాల్మొనెల్లా జన్యుక్రమంలో దాదాపు 48 లక్షల అక్షరాలుంటాయి. ఎంటెరిటిడిస్, టైఫిమ్యూరియం లాంటి రకాల్లో ఒక వంశపరంపరలో ఏడాదికి నిలిచే మార్పులు సుమారు ఒకటి రెండు. అంటే ఒకే తల్లి కణం నుంచి విడిపోయిన రెండు పాయల్లో ఒకటి షెడ్డుకూ ఇంకొకటి మనిషి పేగుకూ చేరితే, కొన్ని నెలల తర్వాత కూడా వాటి మధ్య తేడా సున్నాగానే ఉండొచ్చు. రెండింటికీ మూలం ఈమధ్యే ఒకటి అని మాత్రమే సున్నా చెబుతుంది. ఎవరు ఎవరికిచ్చారో చెప్పదు. కోళ్లు మనిషికి ఇచ్చి ఉండొచ్చు. విరేచనాలు తగ్గాక కూడా వారాల తరబడి క్రిమిని విసర్జించే కూలీ కోళ్లకు ఇచ్చి ఉండొచ్చు. మనం శాంపిల్ తీయని మూడోదేదో ఇద్దరికీ ఇచ్చి ఉండొచ్చు. మూడు కథల్లోనూ పట్టిక ఒక్కటే.

ఈ మూడో కథను ఎవరూ రాయకపోవడమే నన్ను బాధపెట్టింది. కాగితం మీద గీతే కదా అనుకోకండి. ఆ గీత వల్ల ఒక రైతు షెడ్డు ఖాళీ అవుతుంది. అసలు మూలం మాత్రం ఇంకెన్నో షెడ్లకు సరఫరా అవుతూనే ఉంటుంది.

1972లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రం పారగూల్డ్ అనే ఊళ్లో ఒక రెస్టారెంటులో తిన్నవాళ్లు జబ్బుపడ్డారు. క్రిమి అగోనా రకం. 1970కి ముందు అక్కడి మనుషుల్లో దాదాపుగా కనిపించని రకమది. వెనక్కి వెళితే మిసిసిపీలోని కోళ్ల ఫారం తేలింది. అక్కడ ఆగి ఉంటే రెట్ట నుంచి రోగికి బాణం గీసి ఫైలు మూసేసేవాళ్లు. వాళ్లు ఆగలేదు, దాణా చూశారు. దాణాలో పెరూ నుంచి దిగుమతైన చేపల పొడి ఉంది. దాదాపు అవే ఏళ్లలో బ్రిటన్, నెదర్లాండ్స్, ఇజ్రాయెల్‌లలోనూ అగోనా పెరగడానికి కారణం ఆ చేపల పొడే. జన్యుక్రమం చదివే యంత్రాలు లేని కాలమది. రకం పేరు, దాణా పరీక్ష, సరుకు వచ్చిన దారి, ఈ మూడే వాళ్ల చేతిలో ఉన్నాయి. ఎండుచేపల పొడి మన దాణాల్లోనూ కలిపేదే కాబట్టి ఈ కథను దూరపు సంగతిగా చదవకండి.

అదే అగోనా ఇంకో పాఠం కూడా చెప్పింది. 1998లో అమెరికాలో ఓట్స్‌తో చేసిన అల్పాహారం తిని చాలా రాష్ట్రాల్లో జనం జబ్బుపడ్డారు. 2008లో మరమరాల్లా ఉబ్బించిన బియ్యం, గోధుమల వల్ల మళ్లీ అదే జరిగింది. ఫ్యాక్టరీ ఒకటే, స్ట్రెయిన్ (రకం లోపలి ఉపజాతి) కూడా అదే. పొడి వాతావరణంలో క్రిమి పెరగదు, అంత తేలిగ్గా చావదు, పెద్దగా మారదు. కాబట్టి "తేడా తక్కువ కాబట్టి ఇది నిన్నమొన్నటి సంగతి" అన్న లెక్క కూడా పొడి సరుకుల దగ్గర తప్పుతుంది. దాణా, పాలపొడి, మసాలాలు, వేరుశనగ, అన్నీ ఈ కోవలోవే.

వెతికిన చోటే దొరుకుతుందన్నది ఇంకో సంగతి. మన పట్టికలో కోళ్లున్నాయి, ఎలుకలు లేవు. ఎలుకల జోలికి ఎవరూ వెళ్లలేదు కాబట్టి లేవు. స్కాట్లండ్‌లో మందులకు లొంగని డీటీ104 అనే టైఫిమ్యూరియం రకాన్ని మనుషుల నుంచి, పశువుల నుంచి రెండు దశాబ్దాలకు పైగా సేకరించి, జన్యుక్రమాలు పోల్చి 2013లో ఫలితం ప్రచురించారు. స్థానిక పశువులే మనుషులకు అంటిస్తున్నాయన్న నమ్మకం ఆ వంశవృక్షం ముందు నిలబడలేదు. మనుషుల్లో తిరుగుతున్నది చాలావరకు ఒక గుంపు, పశువుల్లో తిరుగుతున్నది ఇంకో గుంపు. రెండు వైపులా అన్ని ఏళ్ల శాంపిళ్లు ఉండబట్టే ఆ మాట చెప్పగలిగారు. మీ దగ్గర పది కోళ్లు, ఇద్దరు మనుషులు ఉంటే ఎటువైపూ చెప్పలేరు.

రోగుల మాటలు కూడా దారి తప్పించగలవు. 2008లోనే అమెరికాలో సెయింట్‌పాల్ రకం పాకినప్పుడు ముందు అనుమానం టమాటాల మీద పడింది. చివరికి ఆ స్ట్రెయిన్ దొరికింది మెక్సికో నుంచి వచ్చిన పచ్చిమిరపకాయల్లో, అక్కడి ఒక పొలం సాగునీటిలో. మన పచ్చడిలాగే వాళ్ల సాల్సాలో టమాటా, మిరప కలిసే ఉంటాయి. తిన్నవాడికి టమాటా గుర్తుంటుంది, మిరప గుర్తుండదు.

నేను చేసే పద్ధతి ఇది. శాంపిల్ ఎక్కడిదో చెప్పే నిలువు వరుసను కాగితంతో కప్పేస్తాను. మిగిలినదాన్ని తేదీల వారీగా సర్దుతాను. ముందు వేల జన్యువుల స్థాయిలో గుంపులు కట్టి, ఆ గుంపు లోపలే అక్షరాల తేడాలు లెక్కపెడతాను. ఆ తర్వాతే కాగితం తీస్తాను. "కోడి" అన్న మాట కళ్ల ముందుంటే చెయ్యి దానంతటదే బాణం గీస్తుంది. ఎక్కడి శాంపిలో చూపేలా వంశవృక్షానికి రంగులు వేయడం కూడా నాకు ఇష్టం ఉండదు, కారణం అదే.

ఎన్ని తేడాల లోపుంటే ఒకే వ్యాప్తి అని చాలామంది అడిగారు. బ్రిటన్‌లో ఐదు తేడాల లోపు గుంపులను ముందుగా పట్టించుకుంటారు. ఎక్కడ ప్రశ్నలు మొదలుపెట్టాలో చెప్పడానికే ఆ అంకె.

టైఫాయిడ్ తెప్పించే టైఫీ రకం కోళ్లలో ఉంటుందా అన్న ప్రశ్నకు జవాబు: దాని ఆశ్రయం మనిషే, అక్కడ వెతకొద్దు. వైడాల్ (టైఫాయిడ్‌కు చేసే రక్తపరీక్ష) రిపోర్టుతో జాడ పట్టలేం, కల్చర్ కావాలి, అంటే శాంపిల్ నుంచి క్రిమిని ల్యాబులో పెంచాలి. రకం నిర్ధారణకు మనుషుల శాంపిళ్లయితే కసౌలీలోని కేంద్ర పరిశోధన సంస్థ, పశువులవైతే ఇజత్‌నగర్ పశువైద్య పరిశోధన సంస్థ ఉన్నాయి.

అభ్యాసం. అదే పట్టికకు ఈ తేదీలు కలపండి. కోళ్లు షెడ్డుకు వచ్చింది ఫిబ్రవరి 20. దాణా మిల్లు నుంచి బయల్దేరింది మే 2. మొదటి రోగికి మే 9న విరేచనాలు పట్టుకున్నాయి, ఆయన ఆ షెడ్డు కూలీ. రెండో రోగికి మే 13న. ఆమె 60 కిలోమీటర్ల దూరంలో పట్టణంలో ఉంటారు, గుడ్డు ముట్టరు. రెట్ట తీసింది మే 16, ట్రే మే 18. దాణా శాంపిల్ కుట్టు విప్పని బస్తాలోదా, షెడ్డులో విప్పి ఉంచినదాంట్లోదా అన్నది కావాలనే రాయలేదు. క్రిమి కడుపులోకి వెళ్లాక జబ్బు బయటపడటానికి ఆరు గంటల నుంచి ఆరు రోజుల దాకా పడుతుందని లెక్కేసుకోండి.

ఈ వివరాలకు సరిపోయే కథలు నాలుగు రాయండి. ఒకదాంట్లోనైనా పట్టికలో లేని మూలం ఉండాలి. ఒక్కో కథ కింద, దాన్ని అబద్ధమని తేల్చగల ఒక్క శాంపిల్‌నో, ఒక్క కాగితాన్నో పేరు పెట్టి రాయండి. కథను బలపరిచేవి వద్దు, కూలగొట్టేవే కావాలి. దాణా బస్తా గురించి మిల్లు వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా రాయండి. వచ్చే పాఠం ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.